బావమరిది పేరు మీద మచ్చు

కమలాపురంలో కిరాణా కొట్టు నడిపే నాగసుబ్బయ్య నాలుకకు చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న గౌరవం మండలాఫీసు ముద్రకు కూడా లేదు. పసుపు గానీ ఇంగువ గానీ బెల్లం గానీ చిటికెడు తీసి నాలుక ఎడమ అంచున వేసుకుని, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు విగ్రహంలా కూర్చునేవాడు. సరుకు తెచ్చినవాడు ఆ రెండు నిమిషాలూ చెప్పులు విడిచి నిలబడేవాడు. తర్వాత తీర్పు వచ్చేది. బియ్యప్పిండి కలిసిందనో, పోయినేటి సరుకనో ఒక్క మాట. దాని మీద అప్పీలు లేదు.

ఇరవై ఆరేళ్ళ కిందట పెళ్ళిపీటల మీద సుందరలక్ష్మి నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టిన వేలిని గుట్టుగా నాకి చూసి, బెల్లంలో సున్నం పాలు ఎక్కువైందని మామగారి చెవిలో చెప్పిన మనిషి ఆయన. పెళ్ళికూతురి తమ్ముడు రాఘవేంద్రప్రసాద్‌కు అప్పుడు పన్నెండేళ్ళు. కొత్త బావ మాట నిజమో కాదో తేల్చడానికి మిగిలిన బెల్లమంతా తినేసి, నిజమేనని నలుగురిలో సాక్ష్యం చెప్పాడు. ఆ రాత్రంతా కడుపునొప్పితో మెలికలు తిరిగినా సాక్ష్యం మార్చుకోలేదు. అప్పటినుంచీ అతనికి బావ మాట వేదం. బావకు మాత్రం బావమరిది మాట మీద ఏనాడూ పూర్తి నమ్మకం లేదు. ఆ మాటకొస్తే ఎవరి మాట మీదా లేదు.

2003 మాఘమాసంలో ఆ నాలుక మీద, సరిగ్గా ఆ ఎడమ అంచునే, ఒక పుండు లేచింది.

నాగసుబ్బయ్య మొదట తమలపాకులమ్మే గిడ్డమ్మను అనుమానించాడు. ఆమె సున్నంలో ఏదో కలుపుతోందని నిర్ణయించి, సున్నం వేరేచోట కొనడం మొదలుపెట్టాడు. పుండు తగ్గలేదు. తర్వాత అనుమానం ఇంట్లో గొడ్డుకారం మీదికి, అక్కడినుంచి కూతురు కొత్తగా తెచ్చిన పళ్ళపేస్టు మీదికి పోయింది. ఒక్కొక్క ముద్దాయినీ పదేసి రోజులు ఇంటినుంచి బహిష్కరించాడు. ఎర్రమాత్రలు మింగాడు, నెయ్యి రాశాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు. బుగ్గన అంతకుముందే ఉన్న వక్కాకు, పొగాకు ముద్దను మాత్రం ఎవరూ అనుమానించలేదు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంటున్నది కదా, ఇంటిమనిషి లెక్క.

చైత్రం వెళ్ళేసరికి అన్నం ముద్ద మింగితే చెవిదాకా పోటు పెట్టసాగింది. కడపలో బీఎస్సీ చదువుతున్న కూతురు శ్రీవాసవి సెలవులకు వచ్చి, టార్చిలైటు వేసి నాలుక చూసింది. చూసి ఏమీ అనలేదు. మామూలుగా అరగంట మాట్లాడే పిల్ల ఏమీ అనకపోవడం నాగసుబ్బయ్యకు అనుమానంగా తోచింది. మరుసటి రోజు పొద్దున్నే తల్లీ కూతుళ్ళు ఆయన్ను కర్నూలు బస్సెక్కించారు.

కర్నూల్లో డాక్టర్ జ్ఞానేశ్వర్ వయసులో చిన్నవాడు, అది ఆయన మీద మొదటి అభియోగం. పొగాకు నములుతారా అని అడిగితే నాగసుబ్బయ్య ఎప్పుడన్నా అని చెప్పాడు. డాక్టరు ఆయన నోట్లోంచి ఆకు ముద్దను దూదితో తీసి పళ్ళెంలో పెట్టి, మర్యాదగా ఏమీ అనకుండా పుండు చూశాడు. మెడ కింద వేళ్ళతో తడిమాడు. మందు పెట్టి మొద్దుబార్చి, పుండు అంచు నుంచి కందిగింజంత ముక్క తీసి పరీక్షకు పంపాడు.

వారం తర్వాత ఆ కాగితం వచ్చింది. క్యాన్సరు. డాక్టరు మాటలు మింగలేదు. నాలుకలో మూడోవంతు తీసేయాలని, మెడలో గడ్డలు కూడా తీయాలని, తర్వాత ఆరు వారాలు రేడియేషన్, అంటే కరెంటు, పెట్టించుకోవాలని చెప్పాడు. ఇదంతా మూడు వారాల్లోపల మొదలుపెడితే బతుకు మీద మంచి ఆశే ఉందన్నాడు. ఆలస్యమైతే జబ్బు మెడ దాటి పోతుందని, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండదని కూడా అన్నాడు.

నాగసుబ్బయ్య రెండే ప్రశ్నలు అడిగాడు. నాలుకలో ఏ మూడోవంతు అని. ఎడమది అన్నాడు డాక్టరు. తర్వాత రుచి తెలుస్తుందా అని. కొంత తెలుస్తుంది, మాట కూడా కొంచెం తేడా వస్తుంది అన్నాడు. ఇంత సరిగ్గా తన కొట్టును మూసేయడానికి కావలసిన మూడోవంతునే కోరుకున్న ఆ యువకుణ్ణి నాగసుబ్బయ్య చాలాసేపు చూశాడు.

బస్సులో శ్రీవాసవి చేత కాగితం చదివించుకున్నాడు. ఆమె చదివి చెప్పింది మూడు ముక్కలు. కాగితంలో పదకొండు వరుసలున్నాయి, ఆయన లెక్కపెట్టాడు. మిగతా ఎనిమిది వరుసల్లో ఏముందని అడిగితే అదే విషయం వేరే మాటల్లో ఉందని చెప్పింది. ఒకే సంగతిని పదకొండు వరుసల్లో చెప్పేవాడు ఏదో దాస్తున్నాడని నాగసుబ్బయ్యకు వ్యాపారజీవితం నేర్పింది.

ఇల్లు చేరాక అనుమానాలు ఇంకా చిక్కబడ్డాయి. సుందరలక్ష్మి ఏడవలేదు. ఆవిడ ఏడుస్తుందని, ఏమీ కాదులే అని ఓదార్చాలని ఆయన దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాడు. ఆవిడ ఆ అవకాశమే ఇవ్వలేదు. ఉప్పూ కారం లేని జావ కాచి పెట్టింది. పొద్దున్నే స్నానం చేసి వాసవీ అమ్మవారి గుడికి పోయి, ఇంకా పదకొండు మంది ఆడవాళ్ళతో కుంకుమార్చన మొదలుపెట్టింది. భార్యకు తనకన్నా ఎక్కువ ఏదో తెలిసి ఉండాలి, లేకపోతే ఇంత నిబ్బరం ఎట్లా వస్తుందని నాగసుబ్బయ్య మూడు రోజులు ఆవిణ్ణి ఓరకంట కనిపెట్టాడు. గుడినుంచి వచ్చే ఆడవాళ్ళు తన మొహం కాక నోరు చూస్తున్నారని గమనించాడు. పక్క కొట్టు సాయిబు దర్గా నుంచి దారం తెచ్చి చేతికి కట్టాడు. నాగసుబ్బయ్య దాన్ని వాసన చూసి, అత్తరు అసలుదే కావడంతో, ఉండనిచ్చాడు.

ఐదో రోజు బేతంచెర్ల నుంచి రాఘవేంద్రప్రసాద్ దిగాడు. అక్కడ అతనికి నాపరాళ్ళు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీ ఉంది. మనిషి ఎప్పుడొచ్చినా కనురెప్పల దాకా తెల్లదుమ్ము. ఈసారి కాళ్ళు కడుక్కోకుండానే గుడికి పోయి, పూజారి ముందూ పన్నెండు మంది ఆడవాళ్ళ ముందూ చేతులు జోడించి గట్టిగా మొక్కాడు.

"అమ్మా, మా బావకొచ్చింది నాకియ్యి. ఆయప్పను ఇడిసిపెట్టు."

ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారని, అప్పుడు మాత్రం సుందరలక్ష్మి కూడా ఏడ్చిందని నాగసుబ్బయ్యకు సాయంత్రానికి కబురందింది. ఆయన కళ్ళు చెమర్చలేదు. గుడి చుట్టూ బండలు పరిపిస్తానని నాలుగేళ్ళ కిందట ఇంతే గట్టిగా మొక్కిన రాఘవేంద్రప్రసాద్ ఇప్పటికి వసారా దాకా వచ్చి ఆగాడు. మొక్కుల విషయంలో అతని పాత చరిత్ర తెలిసినవాళ్ళలో అమ్మవారు కూడా ఉందని నాగసుబ్బయ్య అభిప్రాయం.

ఇట్లా అందరూ తలో పనీ చేస్తుంటే, జబ్బు ఎవరిదో ఆ మనిషి మాత్రం ఆపరేషన్‌కు సరే అనలేదు, వద్దూ అనలేదు. ఆయన మనసంతా ఆ కందిగింజంత ముక్క మీద ఉంది. వ్యాపారంలో దాన్ని మచ్చు అంటారు. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి తీసిన గుప్పెడు సరుకును చూసి మొత్తం బస్తాకు విలువ కడతారు. మచ్చు ఎవరు తీశారు, ఏ పక్కనుంచి తీశారు, దారిలో ఎవరి చేతులు మారింది అన్నవి తేల్చకుండా నాగసుబ్బయ్య ఏనాడూ సరుకు దించుకోలేదు. ఇక్కడ కోసేవాడే మచ్చు తీశాడు. అదీ, చెడ్డదని తెలిసిన పక్కనుంచే తీశాడు.

ఇలాంటి సందేహాలకు ఆయన దగ్గర ఒక పాత ఉపాయం ఉంది. సరుకు పరీక్షించేవాడి మీద నమ్మకం కుదరకపోతే, అదే పసుపును ఇంకొక పొట్లం కట్టి, ఇంకొకరి పేరు మీద, ఇంకొకడికి పంపేవాడు. రెండుచోట్లా ఒకే మాట వస్తే ఇక నోరెత్తకుండా ఒప్పుకునేవాడు. అది ఆయన పెట్టుకున్న ధర్మం. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

తొమ్మిదో రోజు, కడపలో సరుకు చూసి వస్తానని ఇంట్లో చెప్పి, నాగసుబ్బయ్య ఒక్కడే కర్నూలు పోయాడు. మొదట పరీక్ష చేసినచోట అడిగితే, మైనపు బిళ్ళలో పొదిగిన తన నాలుక ముక్కను కాగితంలో చుట్టి ఇచ్చారు. దానిమీద అంకె తప్ప పేరు లేదు. ఇది దైవసంకల్పమే అనుకున్నాడు. రెండు వీధులవతల ఇంకొక పరీక్షాకేంద్రం ఉంది. అక్కడ బల్ల వెనక ఏసురాజు అనే గుమస్తా, కళ్ళజోడు ముక్కు కొసకు దించుకుని, పేరూ ఫోన్ నెంబరూ అడిగాడు.

ఎవరి పేరు చెప్పాలన్నది నాగసుబ్బయ్య ముందుగా ఆలోచించుకోలేదు. "రాఘవేంద్రప్రసాద్, బేతంచెర్ల" అన్నాడు. వయసు ముప్పై ఎనిమిది అన్నాడు. ఏసురాజు కళ్ళజోడు మీదుగా ఆయన నెరసిన మీసాన్ని చూస్తే, ముక్క తనది కాదు, తెచ్చి ఇచ్చేది మాత్రమే తను అని సర్దిచెప్పాడు. ఫోన్ నెంబరు కూడా అతనిదే చెప్పాడు. గురువారం తనే వచ్చి కాగితం తీసుకుంటానని, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదని రెండుసార్లు హెచ్చరించి బయటపడ్డాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన చాలా ప్రశాంతంగా ఉన్నాడు. గుడిలో అర్చనకు పోయి కూర్చున్నాడు. జావ వంక పెట్టకుండా తాగాడు. దాంతో అనుమానించడం సుందరలక్ష్మి వంతైంది. తలగడ కింద, చొక్కా జేబుల్లో వెతికింది. కర్నూలు బస్సు టికెట్టు దొరికింది. దాన్ని పసుపు డబ్బాలో దాచింది గానీ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం కొట్టు ముందు బస్సు దిగిన మనిషిని నాగసుబ్బయ్య వెంటనే పోల్చుకోలేకపోయాడు. నున్నటి గుండు, గుండు మీద గంధం, దుమ్ము లేని తెల్లచొక్కా. రాఘవేంద్రప్రసాద్‌ను అంత శుభ్రంగా ఆయన పెళ్ళినాడు కూడా చూడలేదు. అతను నేరుగా ఇంట్లోకి నడిచి, అక్కను పిలిచి, బావను పిలిచి, శ్రీవాసవిని కూడా కూర్చోమన్నాడు. అతను చెప్పిన సంగతి ఇది.

సోమవారం కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. ఏసురాజంట. రాఘవేంద్రప్రసాద్ మీరేనా, మీ పరీక్ష కాగితం వచ్చింది, గురువారం దాకా ఆగే సంగతి కాదు, వెంటనే రండి అన్నాడంట. రాళ్ళ దుమ్ముకు దగ్గు పట్టి పోయిన నెల కర్నూల్లో కఫం పరీక్షకు ఇచ్చి ఉన్నాడు కాబట్టి అదేననుకుని పోయాడు. కాగితంలో నాలుక అని ఉంది. ఎడమ అంచు అని ఉంది. బావ కాగితాన్ని తను చదివి ఉన్నాడు. జబ్బు పేరు అదే. కఫంలోంచి నాలుక సంగతి ఎట్లా తెలిసిందని తను అడగలేదు, ఎందుకంటే అప్పటికే అర్థమైపోయింది. అద్దంలో చూసుకుంటే నాలుక ఎడమపక్క ఎర్రగా ఉంది కూడా. దారిలో అహోబిలంలో తలనీలాలిచ్చి వస్తున్నాడు.

"అమ్మ ఆలకించింది బావా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "నీకిప్పుడు లేదు. నాకొచ్చింది. నువ్వు కోయిచ్చుకోవద్దు, నేను పోతా."

సుందరలక్ష్మి భర్త వైపు చూసింది, తమ్ముడి గుండు వైపు చూసింది, ఏ వైపు చూసి సంతోషించాలో, ఏ వైపు చూసి ఏడవాలో తెలియక గోడకు ఆనుకుంది. శ్రీవాసవి చదివిన బీఎస్సీ ఆ గదిలో ఎక్కడా కనిపించలేదు.

నాగసుబ్బయ్య తలవంచుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా కల్తీ పట్టుకుంటున్న మనిషికి, కల్తీ అని తనొక్కడికే తెలిసిన సరుకు ఒకటి ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. కత్తి లేదు, కర్నూలు లేదు, నాలుక నాలుకలాగే ఉంటుంది. అమ్మవారి మహిమ జిల్లా అంతా చెప్పుకుంటారు. డాక్టరు ఇచ్చిన మూడు వారాల్లో పదమూడు రోజులు పోయాయి, మిగిలినవీ అట్లాగే పోతాయి. జీవితంలో మొదటిసారి ఆయనకు కల్తీ సరుకు కొనాలనిపించింది. అది ఎంతసేపనిపించిందో ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు.

బావమరిది చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. గట్టిగా మొక్కి మరిచిపోయే మనిషి, ఈసారి తన మాట నిజంగా తీసుకున్నారని తెలిశాక, అయ్యో మాటవరసకన్నానని ఒక్కసారి కూడా అనలేదు. నాగసుబ్బయ్య అతనిలో అనుమానించదగింది ఏదైనా దొరుకుతుందేమోనని చివరిసారి వెతికాడు. దొరకలేదు.

"అది నీది కాదురా," అన్నాడు.

"ఏది బావా?"

"ఆ ముక్క. నాదే. నీ పేరు మీద నేనే ఇచ్చొస్తి."

మచ్చు సంగతి మొత్తం చెప్పాడు. మైనపు బిళ్ళ దగ్గర మొదలుపెట్టి ఏసురాజు కళ్ళజోడు దాకా ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ రాఘవేంద్రప్రసాద్ గుండు తడుముకుంటూ విన్నాడు. బతికిపోయానన్న సంతోషం మొహంలోకి రాబోయి, బావను చూసి సిగ్గుపడి వెనక్కు పోయింది.

"లోకంలో ఇంతమందుండారే. నా పేరే దొరికిందా బావా నీకు?"

"ఫోన్ నెంబరు అడిగినాడు. మన కొట్టుది కాకుండా నాకు నోటికొచ్చేది నీదొకటే."

రాఘవేంద్రప్రసాద్ పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

సుందరలక్ష్మి లోపలికి పోయి పసుపు డబ్బాలోంచి బస్సు టికెట్టు తెచ్చి భర్త ముందు పెట్టింది. "నాకు తెలుసు, ఏందో చేసింటావని. రెండు తావులా ఒకే మాట వచ్చె గదా. ఇంగ నీ ధర్మం నువ్వు నిలబెట్టుకో. రేపు పొద్దున బస్సుకు పోతాండాం."

ఆయన నోరెత్తలేదు. నిజానికి ఎత్తడానికి ఏమీ మిగల్లేదు. తను పన్నిన వలలోనే ఆ కాగితం పడి వచ్చింది. డాక్టరును అనుమానించవచ్చు, కూతుర్ని అనుమానించవచ్చు, దేవతను కూడా కొంతవరకూ అనుమానించవచ్చు. తను స్వయంగా పన్నిన మోసాన్ని అనుమానించడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

కర్నూల్లో ఆపరేషన్ కాగితం మీద సాక్షి సంతకం రాఘవేంద్రప్రసాద్ పెట్టాడు. పెట్టేముందు ఎవరి పేరు రాయాలి బావా అని అడిగితే, చాలా రోజుల తర్వాత నాగసుబ్బయ్య నవ్వాడు. నవ్వితే నాలుక నొప్పి పెట్టింది. ఆ రోజు కమలాపురంలో పన్నెండో ఆడమనిషి లేకుండా పదకొండు మంది అర్చన చేశారు. పన్నెండో ఆవిడ ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చుని, తమ్ముడి భుజానికి తల ఆనించి, అన్ని రోజులుగా ఆపుకున్నది ఏడ్చేసింది. చూడవలసినవాడు లోపల మత్తులో ఉన్నాడు.

జబ్బు మెడలో ఒక్క గడ్డ దాకానే పోయిందని, అన్నీ తీసేశామని డాక్టర్ జ్ఞానేశ్వర్ చెప్పాడు. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కరెంటు పెట్టినన్నాళ్ళూ నోరంతా పొక్కిపోయి మంచినీళ్ళు కూడా మంటగా దిగేవి. రాఘవేంద్రప్రసాద్ ఫ్యాక్టరీ ఇంకొకరికి అప్పగించి ఆరు వారాలూ పక్కనే ఉన్నాడు. అతని జుట్టు పెరిగింది, నాగసుబ్బయ్య పన్నెండు కిలోలు తగ్గాడు. దీపావళికి ముందు మళ్ళీ కొట్టు తెరిచారు.

పొగాకు పోయింది. రుచి సగం పోయింది. పసుపుకీ శనగపిండికీ ఉన్న తేడా ఇప్పుడు ఆయనకు కంటితోనే తెలియాలి. సరుకు నోట్లో వేసుకుని చూసే పని సుందరలక్ష్మి తీసుకుంది. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి కూడా ఆవిడ నెత్తిన పడింది. మూడోవంతు పోయిన నాలుకతో నాగసుబ్బయ్య మాట్లాడితే ఊరి మొత్తంలో ఆవిడకొక్కదానికే అర్థమయ్యేది. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని చెప్పేవాడు, ఆవిడ పక్కన నిలబడి అదే మాట జనానికి చెప్పేది.

అదే మాట అవునా కాదా అన్నది ఐదారు నెలలకు నాగసుబ్బయ్యకు పట్టుకున్న కొత్త అనుమానం.

ఒకరోజు చిన్న ఈరన్న రెండు బస్తాల మిరపకాయలు దించాడు. నాగసుబ్బయ్య కాయ విరిచి, గింజ చూసి, వాసన చూసి, ఇది నీళ్ళు చల్లిన సరుకని, ఇతని నాయన కూడా ఇట్లాంటివాడేనని, బస్తాలు ఎత్తుకుని పొమ్మని చెప్పాడు. మామూలుకన్నా పొడుగాటి వాక్యం.

"ఏమంటాండాడమ్మా?" అన్నాడు చిన్న ఈరన్న.

"ఈ తూరి వానల్లేక శానా ఇబ్బంది పడింటావు, ఇంట్లో అందరూ బాగుండారా అని అడుగుతాండాడు," అంది సుందరలక్ష్మి.

చిన్న ఈరన్న తలపాగా తీసి మెట్టు మీద కూర్చున్నాడు. ఇంట్లో మనిషికి బాగాలేదని చెప్పాడు. కింది బస్తాలో కొంచెం తడి ఉండాదని, ఎండబెట్టేదానికి దినాలు లేకపోయెనని, అది ఇప్పుడు తీసుకోవద్దని తనే చెప్పాడు. ముప్పై ఏళ్ళ తీర్పుల్లో ఒక్క ముద్దాయి కూడా నాగసుబ్బయ్య ఎదుట అంత సులువుగా నేరం ఒప్పుకోలేదు.

నాగసుబ్బయ్య భార్య వైపు అనుమానంగా చూశాడు. ఆవిడ కాయ ఒకటి కొరికి ఎటో చూస్తోంది. ఆయన గొంతు పెంచి ఇంకొక మాట అన్నాడు. అది ఈరన్నకు ఉద్దేశించింది కాదు, ఆవిడకు.

"మళ్ళా ఏమంటాండాడు?"

"ఎండన పడి వచ్చినావంట. మజ్జిగ తాగి పొమ్మంటాండాడు."

నాగసుబ్బయ్య మజ్జిగ పేరే ఎత్తలేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, మజ్జిగ చెంబు కోసం లోపలికి పోయాడు.